సర్వీసులన్నీ ఆపేస్తే కంప్యూటర్ స్పీడవుతుందా?

ప్రశ్న: కావలిలో చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను సార్. జిరాక్సులు తీయడం, టికెట్లు బుక్ చేయడం, ఆధార్ వేలిముద్రతో డబ్బులు తీసివ్వడం నా పని. కంప్యూటర్ పాతది. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్, విండోస్ 10. టాస్క్ మేనేజర్ తెరిస్తే సర్వీస్ హోస్ట్ అనే పేరే అరవైసార్లు కనిపించింది. సర్వీసులు, అంటే తెర వెనకాల నడిచే ప్రోగ్రాములు, ఆపేస్తే స్పీడ్ పెరుగుతుందని ఒక వీడియోలో చూసి, అందులో చెప్పినవి డిజేబుల్ చేశాను. ఆ తర్వాత ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ సెట్టింగుల కిటికీలోకి వెళ్లి మైక్రోసాఫ్ట్‌వి కాని సర్వీసులన్నిటికీ టిక్ తీసేశాను. స్పీడ్ పెద్దగా పెరగలేదు. ప్రింటర్ ఆగిపోయింది, వేలిముద్ర మిషన్ పనిచేయడం లేదు. ఉపాధి కూలి డబ్బుల కోసం వచ్చిన అవ్వలు ఉత్తచేతులతో తిరిగి వెళ్తున్నారు. ఏవి ఆన్ చెయ్యాలి, ఏవి ఆపాలి?

జవాబు: ముందు అవ్వల పని చూద్దాం. స్పీడ్ సంగతి తర్వాత.

ఎంఎస్‌కాన్ఫిగ్ మళ్లీ తెరిచి సర్వీసెస్ ట్యాబ్‌లో మీరు టిక్ తీసేసినవాటిలో ఆర్‌డీ (రిజిస్టర్డ్ డివైస్) సర్వీస్ అని గానీ, మీ వేలిముద్ర మిషన్ కంపెనీ పేరుతో గానీ ఉన్నదాన్ని వెతికి టిక్ పెట్టండి. ఆధార్ లావాదేవీలో వేలిముద్ర మిషన్ నుంచి నేరుగా బ్యాంకు పేజీకి వెళ్లదు. ఇతరులు చదవలేని గుప్త రూపంలో, మధ్యలో ఉన్న ఈ ఆర్‌డీ సర్వీస్ ద్వారానే పేజీకి చేరుతుంది. అది ఆగితే మిషన్‌లో లైటు వెలిగినా పేజీకి మిషన్ ఉన్నట్టే తెలియదు. చాలామంది ఇక్కడ పొరబడి విండోస్ బయోమెట్రిక్ సర్వీస్ ఆన్ చేస్తుంటారు. అది వేలిముద్రతో కంప్యూటర్‌లోకి లాగిన్ అవ్వడానికి, ఆధార్ పనికి కాదు.

ఇక ప్రింటర్. విండోస్ బటన్ నొక్కి ఇంగ్లీషులో సర్వీసెస్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. అక్షరాల వరుసలో పేర్లు వస్తాయి. ప్రింట్ స్పూలర్ మీద రెండుసార్లు క్లిక్ చేసి, స్టార్టప్ టైప్ దగ్గర ఆటోమేటిక్ పెట్టండి. అప్లై నొక్కాకే కింద స్టార్ట్ బటన్ నొక్కడానికి వీలవుతుంది. ప్రింట్ ఇచ్చిన ప్రతి పేజీనీ వరుసలో పెట్టి ప్రింటర్‌కి పంపేది ఈ స్పూలరే. ఇది ఆగితే ప్రింట్ ఆప్షన్‌తో పీడీఎఫ్‌గా సేవ్ చేయడం కూడా కుదరదు. ఈ రెండూ అయ్యాక ఒకసారి రీస్టార్ట్ చేయండి.

సర్వీస్ హోస్ట్ అరవైసార్లు కనిపించిందని టెన్షన్ పడ్డారు. అది రోగం కాదు. విండోస్ సర్వీసుల్లో చాలావాటికి సొంతంగా నడిచే శక్తి లేదు. సర్వీస్ హోస్ట్ అనే గొడుగు కింద నడుస్తాయి. పూర్వం ఒకే గొడుగు కింద చాలా సర్వీసులు సర్దుకుని ఉండేవి. ఒకటి పడిపోతే పక్కవాటినీ పట్టుకుని పడేది. 2017లో వచ్చిన క్రియేటర్స్ అప్‌డేట్ నుంచి, 3.5 జీబీ కంటే ఎక్కువ ర్యామ్ ఉన్న కంప్యూటర్లలో వీటిని విడివిడిగా నడపడం మొదలుపెట్టారు. ఉమ్మడి కుటుంబం వేరుపడితే రేషన్ కార్డులు ఎక్కువైనట్టు, పేర్లు ఎక్కువ కనిపిస్తున్నాయి. ర్యామ్ కాస్త ఎక్కువ పట్టే మాట నిజమే గానీ, చేసే పని అదే. వాటిలో చాలావరకు ఎవరైనా పిలిస్తే పలుకుదామని ఊరికే కూర్చుని ఉంటాయి.

వీడియో చేసినాయన చెప్పింది తప్పని నేననను. ఆయన కంప్యూటర్‌కి సరిపోయి ఉంటుంది. ఆయనకి వేలిముద్ర మిషన్ లేదు, బహుశా ప్రింటర్ కూడా లేదు. సర్వీసుల లిస్టు ఒకరిది ఇంకొకరికి పనికిరాకపోవడానికి కారణం ఇదే. పక్కింటివాళ్లకి జబ్బు తగ్గిందని వాళ్ల చీటీ మీది మందు మనం వేసుకోం కదా.

మీ స్లోకి అసలు కారణం నాకు మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్. ర్యామ్ నిండగానే విండోస్ మిగిలినదాన్ని డిస్క్ మీద పెట్టి తీసుకుంటూ ఉంటుంది. హార్డ్ డిస్క్ అంటే తిరిగే పళ్లెం. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. కావాల్సిన చోటికి ముల్లు జరిగి, పళ్లెం అక్కడికి తిరిగి వచ్చేదాకా ప్రాసెసర్ ఎంత మంచిదైనా ఆగాల్సిందే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. డిస్క్ అన్న కాలమ్ తలమీద క్లిక్ చేస్తే ఎక్కువ వాడేవి పైకి వస్తాయి. కంప్యూటర్ ఆన్ చేసిన పావుగంట తర్వాత కూడా డిస్క్ నూరు శాతం దగ్గరే ఉండి, సీపీయూ తక్కువగా ఉంటే నా అనుమానం నిజమన్నమాట.

అలాంటప్పుడు పైన తరచుగా రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి సిస్‌మెయిన్. విస్టా రోజుల్లో దీని పేరు సూపర్‌ఫెచ్. మీరు రోజూ వాడే ప్రోగ్రాములను ముందే ర్యామ్‌లోకి తెచ్చి పెట్టడం దీని పని. ఉద్దేశం మంచిదే, కానీ ర్యామ్ తక్కువగా ఉన్న పాత మిషన్‌లో ఒక్కోసారి ఇదే డిస్క్‌ను ఊపిరాడనివ్వదు. రెండు రోజులు ఆపి చూడండి. తేడా తెలిస్తే అలాగే ఉంచండి, తెలియకపోతే తిరిగి ఆటోమేటిక్‌లో పెట్టండి. రెండోది విండోస్ సెర్చ్. ఫైళ్లన్నిటికీ సూచిక తయారుచేస్తుంది. దీన్ని పూర్తిగా ఆపకుండా, కంట్రోల్ ప్యానెల్‌లో ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, మీకు వెతికే అవసరం లేని ఫోల్డర్లను తీసేయడం మేలు. ఆపేసినా ఫైలు దొరుకుతుంది గానీ ఆలస్యంగా దొరుకుతుంది.

కొంచెం డబ్బు పెట్టగలిగితే హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి, ఇంకో 4 జీబీ ర్యామ్ చేర్చండి. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం, జరిగే ముల్లు ఉండవు. నలభై సర్వీసులు ఆపి కూర్చున్నా రాని మార్పు ఆ ఒక్క పనితో వస్తుంది. రోడ్డు పక్క షాపు కాబట్టి కేబినెట్ తెరిపించి దుమ్ము కూడా దులిపించండి. ప్రాసెసర్ బాగా వేడెక్కితే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. మన నెల్లూరు జిల్లా ఎండల్లో, ఏసీ లేని గదిలో ఈ తేడా కంటికి కనిపిస్తుంది.

ఇప్పుడు మీరడిగిన ప్రశ్న, ఏవి ఆపాలి? ఫ్యాక్స్, డౌన్‌లోడెడ్ మ్యాప్స్ మేనేజర్, రిటైల్ డెమో సర్వీస్ ఆపినా మీ సెంటర్లో ఏ పనీ ఆగదు. కనెక్టెడ్ యూజర్ ఎక్స్‌పీరియన్సెస్ అండ్ టెలిమెట్రీ అన్నది వాడకం వివరాలు మైక్రోసాఫ్ట్‌కి పంపేది, దాన్నీ ఆపుకోవచ్చు. ఎక్స్‌బాక్స్ పేరుతో ఉన్నవి మామూలుగానే మాన్యువల్‌లో ఉంటాయి, వాటిని ఆపినా కలిసొచ్చేదేమీ లేదు. మాన్యువల్ అంటే పిలిస్తే పనికి వచ్చే మనిషి. డిజేబుల్డ్ అంటే పిలిచినా రావద్దని గేటు దగ్గరే ఆపేసిన మనిషి. అనుమానం ఉన్నప్పుడు మాన్యువల్ చాలు.

అక్కర్లేని సర్వీసు ఆపడంలో అసలు లాభం స్పీడ్ కంటే సెక్యూరిటీ అని నా నమ్మకం. తెరిచి ఉన్న ప్రతి సర్వీసూ ఒక తలుపు. 2021 జులైలో ఇదే ప్రింట్ స్పూలర్‌లో ప్రింట్‌నైట్‌మేర్ అనే పెద్ద లోపం బయటపడింది. సరిచేసే అప్‌డేట్ వచ్చేలోపు స్పూలర్‌ను ఆపుకోమని మైక్రోసాఫ్టే సలహా ఇచ్చింది. మీకు ప్రింటర్ బతుకుతెరువు కాబట్టి అది ఉండాలి. ఇంట్లో ప్రింటర్ లేని కంప్యూటర్ ఉండి, ప్రింట్ ఆప్షన్‌తో పీడీఎఫ్ చేసుకునే అవసరం లేనివాళ్లు మాత్రం దాన్ని నిశ్చింతగా ఆపుకోవచ్చు.

అసలు ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. రిమోట్ ప్రొసీజర్ కాల్, ప్లగ్ అండ్ ప్లే, క్రిప్టోగ్రాఫిక్ సర్వీసెస్, బేస్ ఫిల్టరింగ్ ఇంజిన్, డీహెచ్‌సీపీ క్లయింట్. ఇవి పనిచేస్తున్నట్టు కనిపించవు. కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని రాత్రిపూట రొయ్యల చెరువులో ఏరియేటర్లు ఆపితే తెల్లారేసరికి ఏమవుతుందో మీ వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. ఏ సర్వీసునైనా ఆపే ముందు దాని మీద రెండుసార్లు క్లిక్ చేసి డిపెండెన్సీస్ ట్యాబ్ చూడండి. దాని మీద ఆధారపడిన సర్వీసులేమిటో అక్కడ రాసి ఉంటుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. కొన్నేళ్ల కిందట ఒక్క క్లిక్కుతో స్పీడ్ పెంచుతామన్న ఉచిత ప్రోగ్రామ్ ఒకటి వేసుకున్నాను. ఏవేవి ఆపిందో అది చెప్పలేదు, నేనూ అడగలేదు. మర్నాడు మా అక్క కూతురికి ఎంసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టడానికి చివరి రోజు. మా ఇంట్లో ఇంటర్నెట్ లేదు. మోడెమ్ మార్చాం, కేబుల్ మార్చాం. డీహెచ్‌సీపీ క్లయింట్ ఆగిపోవడం వల్ల కంప్యూటర్‌కి నెట్‌లో ఉండాల్సిన నంబరు, అంటే ఐపీ అడ్రసే రావడం లేదని తెలిసేసరికి సాయంత్రమైంది. ఆ పిల్ల ఎండలో నెట్ సెంటర్‌కి పరిగెత్తి ఆప్షన్లు పెట్టుకుంది. ఆ రోజు దాని ముఖం నాకింకా గుర్తుంది. అప్పటినుంచి ఏ సర్వీసు మార్చినా పేరు, ముందున్న సెట్టింగ్, మార్చిన తేదీ నోటుబుక్కులో రాస్తాను. రోజుకి ఒక్కటే మారుస్తాను. మీరూ అలాగే చేయండి. మొదలుపెట్టే ముందు, తేడా వస్తే పాత సెట్టింగ్‌లకు వెనక్కి వెళ్లడానికి సిస్టమ్ రిస్టోర్ పాయింట్ ఒకటి పెట్టుకోండి.

ఇంకొక్క మాట, ఇది బతిమాలి చెబుతున్నాను. ఆ వీడియో చూసి విండోస్ అప్‌డేట్ కూడా ఆపి ఉంటే వెంటనే ఆన్ చేయండి. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసింది. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. దాన్ని ఆపే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. మీది విండోస్ 10. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. అదనపు అప్‌డేట్ల పథకంలో నమోదు చేసుకుంటే ఇళ్లలో వాడే కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. జనం వేలిముద్రలు, డబ్బులు నడిచే కంప్యూటర్ మీది. విండోస్ 11 పడే మిషన్‌కి మారే ఆలోచన వాయిదా వేయకండి.

ప్రశ్న: ఒంగోలులో గ్రానైట్ ఎగుమతుల ఆఫీసులో అకౌంట్లు చూస్తాను. కంప్యూటర్ క్లీన్ చేయించిన దగ్గర్నుంచి డిజిటల్ సంతకం టోకెన్ పెడితే గుర్తించడం లేదు. టోకెన్ పాడైందంటారా?

జవాబు: టోకెన్‌ను ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అక్కడ పనిచేస్తే టోకెన్ బాగున్నట్టే. చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లా ఉన్నా విండోస్ దాన్ని స్మార్ట్ కార్డుగానే చూస్తుంది. సర్వీసెస్‌లో స్మార్ట్ కార్డ్ అన్నది డిజేబుల్డ్ అని ఉంటే మాన్యువల్‌కి మార్చి స్టార్ట్ చేయండి. కార్డు రీడర్ లేని కంప్యూటర్‌కి ఇది దండగ అనుకుని క్లీన్ చేసేవాళ్లు దీన్ని ఆపుతుంటారు. దానితో పాటు టోకెన్ కంపెనీ సాఫ్ట్‌వేర్, పోర్టల్ వేయించుకోమన్న సంతకం ప్రోగ్రామ్ వెనకాల నడుస్తున్నాయో లేదో చూడండి. ఈసారి క్లీన్ చేయడానికి మనిషి వస్తే ముందే చెప్పండి: ఈ కంప్యూటర్‌లో టోకెన్ ఉంది, టాలీ ఉంది, వాటికి సంబంధించినవి ముట్టుకోవద్దని.

ప్రశ్న: నెల్లూరులో డీటీపీ షాపు మాది. కంప్యూటర్ ఆన్ చేస్తే పని మొదలుపెట్టడానికి పది నిమిషాలు పడుతోంది. సర్వీసులు ఆపాలా?

జవాబు: మీరు సర్వీసుల దాకా వెళ్లక్కర్లేదు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ తెరవండి. కంప్యూటర్‌తో పాటే లేచే ప్రోగ్రాములు అక్కడుంటాయి, ఒక్కోదాని ఎదురుగా దాని భారం హై, మీడియం, లో అని రాసి ఉంటుంది. చాట్ యాప్‌లు, మీటింగ్ యాప్‌లు, క్లౌడ్ డ్రైవ్‌లు, ఎప్పుడో వాడిన ఫోన్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్ కంపెనీ ఇంకు అమ్ముకోవడానికి పెట్టినవి అన్నీ డిజేబుల్ చేయండి. ఇక్కడ ఆపితే ప్రోగ్రామ్ పోదు. మీరు తెరిచినప్పుడు మామూలుగానే పనిచేస్తుంది, తనంతట తాను లేవదు, అంతే. అందుకే భయం లేకుండా మొదలుపెట్టాల్సిన చోటు ఇది. ఒక్క జాగ్రత్త చాలు. తెలుగు టైపింగ్‌కి అను స్క్రిప్ట్ మేనేజర్ వాడుతుంటే, అది లిస్టులో కనిపించినా ఉంచండి. లేకపోతే పెళ్లి కార్డు మేటర్ కొట్టబోయేసరికి తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి పూర్తిగా తీసేయండి.

ప్రశ్న: పొదిలి నుంచి డిగ్రీ విద్యార్థిని. సర్వీసుల్లో మార్పులు చేసి రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నాను. పొద్దున ఆన్ చేస్తే పాత ఇబ్బందులు అలాగే ఉంటున్నాయి. ఎందుకు?

జవాబు: ఫాస్ట్ స్టార్టప్ వల్ల. షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన లోపలి భాగాన్ని పూర్తిగా మూసేయకుండా డిస్క్ మీద దాచుకుని, పొద్దున అక్కడినుంచే అందుకుంటుంది. రీస్టార్ట్ కొడితేనే అన్నీ మొదటినుంచి లేస్తాయి. కాబట్టి మార్పు చేసిన ప్రతిసారీ రీస్టార్ట్ చేయండి. షిఫ్ట్ బటన్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కినా పూర్తిగా ఆగుతుంది.