నేపాల్ పవర్ హౌసుకు వెళ్తున్న మేనకోడలికి

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు రెండేళ్ళ పాటు నేపాల్‌లో జలవిద్యుత్ కేంద్రంలో పనిచేయడానికి ఒప్పుకున్నావన్న సంగతి మీ అమ్మ మొన్న ఆదివారం నాతో చెప్పింది. చెప్పడం కాదు, ఫిర్యాదు చేసింది. “అంతా నీ వల్లే అన్నయ్యా, చిన్నప్పుడు దానికి కథలు చెప్పమంటే టర్బైన్ల సంగతులు చెప్పావు” అని నన్ను తప్పుబట్టి, నువ్వు నా మాటైతే వింటావని, ఎలాగైనా ఆపమని గట్టిగా చెప్పింది. సరేనన్నాను గాని, ఆ సాయంత్రం నాగావళి గట్టున కాసేపు నడిచి ఇల్లు చేరేసరికి నిన్ను ఆపాలన్న ఉద్దేశం నాలో ఏ మూలా లేదని తేలిపోయింది. నేను ముప్పై మూడేళ్ళు పవర్ హౌసుల్లో చేతిచక్రాలు తిప్పి, మీటర్లు చూసి, లాగ్ షీట్లు నింపినవాణ్ణి. నువ్వు ఆ చక్రాలను మనిషి ముట్టకుండానే తిప్పే కంట్రోల్ వ్యవస్థకు లాజిక్ వ్రాయడానికి వెళ్తున్నావు. ఆ మాట ఇప్పటికే పక్కింటి వాళ్ళకూ, పాలు పోసే అతనికీ, అడగకపోయినా చెప్పాను. ఫోనులో మాట్లాడవచ్చు గాని, యంత్రాల హోరులో పాడైన నా చెవులకు సగమే వినబడుతుంది. కాగితమైతే నువ్వు మధ్యలో “తెలుసు మావయ్యా” అని అడ్డుపడలేవు కూడా.

చిన్న విషయాలు ముందు చెప్పి వదిలేస్తాను. సరిహద్దులో ఆధార్ చూపిస్తే చాలదు, పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని దగ్గర ఉంచుకో. ఉన్ని బట్టలు అక్కడే కొనుక్కో, మన ఎండల ఊళ్ళో దొరికేవి ఆ చలికి ఆగవు. మీ అమ్మ ఆవకాయ ఎంత పెడితే అంత తీసుకెళ్ళు, వాదించకు.

నేపాల్ గడియారం మనకంటే పదిహేను నిమిషాలు ముందుంటుంది. బయటివారికి అది వింత, నీకు మాత్రం పనిలో భాగం. మన దేశపు విద్యుత్ మార్కెట్ రోజును 15 నిమిషాల చొప్పున 96 బ్లాకులుగా కోసి లెక్క కడుతుంది; నేపాల్ కూడా ఆ మార్కెట్‌లో కొంటూ అమ్ముతూ ఉంటుంది. అంటే రెండు గడియారాల మధ్య తేడా సరిగ్గా ఒక బ్లాకు. మీ కేంద్రంలో ఏ పరికరం ఏ దేశపు వేళతో నమోదు చేస్తోందో మొదటి వారంలోనే సరిచూడు. లేకపోతే ఏదైనా జరిగిన రోజున సైరన్ ముందు మోగిందా, గేటు ముందు లేచిందా అన్నది ఎవరూ తేల్చలేరు. ఆ రెండింటి వరుస గురించే నేను నీతో మాట్లాడాలనుకుంటున్నాను, కాని నేరుగా అక్కడికి పోలేకపోతున్నాను.

ఆ దేశాన్ని వెనుకబడినదనుకుని వెళ్ళకు. ఖాట్మండు దగ్గర ఫర్పింగ్‌లో 500 కిలోవాట్ల జలవిద్యుత్ కేంద్రం 1911లోనే మొదలైంది. మా చిన్నతనంలో విజయనగరంలో అందరూ గొప్పగా చెప్పుకున్న మాచ్‌ఖండ్ కరెంటు వచ్చింది 1955లో. శిక్షణకు వెళ్ళినప్పుడు ఆ మాచ్‌ఖండ్‌లోనే, కొండ వాలు మీదుగా పవర్ హౌసుకు దిగే వించ్‌లో కూర్చుని, కళ్ళు మూసుకుని దేవుళ్ళందరినీ తలచుకున్నాను. అంత ముందుగా మొదలుపెట్టిన నేపాల్‌లో కూడా 2008-09 చలికాలంలో రోజుకు 16 గంటల దాకా కోత ఉండేది. ఎందుకంటే అక్కడి కేంద్రాల్లో ఎక్కువ భాగం పారే నీటిని మళ్ళించి వాడుకునేవే తప్ప నిలవ చేసుకునేవి కావు. చలికాలంలో నదులు సన్నగిల్లినప్పుడు ఉత్పత్తి మూడో వంతు దగ్గరికి పడిపోతుంది, జనానికి కరెంటు ఎక్కువ కావలసిందీ అప్పుడే. దానికి తోడు 2008 ఆగస్టులో కోసీ గట్టు తెగి, మన వైపు నుండి కరెంటు తెచ్చే లైను కూడా దెబ్బతిన్నది. తరువాత 2016లో ఢల్కేబర్ - ముజఫర్‌పూర్ లైను అందుబాటులోకి వచ్చింది, అదే ఏడాది నేపాల్ ప్రభుత్వ విద్యుత్ సంస్థ అయిన విద్యుత్ ప్రాధికరణ పగ్గాలు కుల్మాన్ ఘీసింగ్ చేతికి వచ్చాయి, ఉన్న కరెంటును ఎవరికి ఏ వేళ పంచాలో పట్టుదలగా చూశారు, కోత పోయింది. 456 మెగావాట్ల అప్పర్ తామాకోసీ 2021లో వచ్చింది, ఆ ఏడాది నవంబరు నుండి మన విద్యుత్ ఎక్స్‌ఛేంజ్‌లో అమ్మకం కూడా మొదలైంది. కాని కోతను ముందుగా పోగొట్టింది తీగా, ఎవరికెంత కరెంటు పంపాలో లెక్క చూసే లోడ్ డిస్పాచ్ పుస్తకమూ. కొత్త ఆనకట్ట ప్రారంభోత్సవానికి వచ్చే మంత్రులు డిస్పాచ్ గదికి ఎందుకు రారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

హిమాలయ నదుల ఇసుక టర్బైన్ రెక్కలను ఆకురాయిలా అరగదీస్తుందని నీకు చదువులోనే చెప్పి ఉంటారు. 1993 జూలై వరదలో కులేఖానీ జలాశయంలోకి ఒక్కసారిగా వచ్చి పడిన మేట గురించి అక్కడి పెద్ద ఇంజనీర్లను అడుగు, వాళ్ళు నాకంటే బాగా చెబుతారు. పైన మంచు సరస్సులు తెగడం గురించి మీ అమ్మకు మాత్రం చెప్పకు. 2023 అక్టోబరు 4న సిక్కింలో దక్షిణ ల్హోనాక్ సరస్సు తెగి 1200 మెగావాట్ల తీస్తా-3 ఆనకట్టను ఊడ్చుకుపోయిన దృశ్యాలు టీవీలో చూసి నేనే రెండు రాత్రులు నిద్రపోలేదు. అయినా, పైనుండి వచ్చిపడే నీటిని నువ్వు పంపలేదు. కిందికి పోయే నీరు మాత్రం నీ లాజిక్ అనుమతిస్తేనే కదులుతుంది. అందుకే నా భయమంతా కిందివైపే ఉంది. దానికి కారణం నీకూ, మీ అమ్మకూ, పోయిన మీ అత్తయ్యకూ కూడా పూర్తిగా చెప్పలేదు.

నేను ఉద్యోగంలో చేరిన ఆరో ఏట ఒక కొండ పవర్ హౌసులో షిఫ్ట్ ఇంజనీరుగా ఉన్నాను. దాని పేరు వ్రాయను. యంత్రం గుండా వచ్చిన నీరు టెయిల్ రేస్ అనే బయటి కాలువ దాటి కింది వాగులో కలుస్తుంది. యూనిట్లు ఆగి ఉన్నప్పుడు ఆ వాగు చీలమండ లోతున పారుతూ, రాళ్ళ మీద బట్టలు ఆరేసుకునేంత సాధువుగా ఉండేది. నడిపే ముందు సైరన్ మోగించి, అరగంట ఆగి, ఆ తరువాతే నీరు వదలాలన్నది నియమం. ఆ సైరన్ మోటారు కాలిపోయి మూడు వారాలైంది. మరమ్మతు కోసం నేను మూడు చీటీలు వ్రాశాను, మూడింటికీ నకళ్ళు దాచుకున్నాను, దాచుకున్నందుకు నిశ్చింతగా కూడా ఉన్నాను. సైరన్ లేని రోజుల్లో హెల్పరు ఒకడు డబ్బా కొట్టుకుంటూ వాగు పొడుగునా రెండు మైళ్ళు దిగి వెళ్ళేవాడు.

ఒక సంత రోజు సాయంత్రం, కరెంటు తీగల మీదే మాట నడిచే క్యారియర్ ఫోను మోగింది. గ్రిడ్‌లో కరెంటు చాలక ఫ్రీక్వెన్సీ పడిపోతోంది, రెండో యూనిట్ వెంటనే ఎక్కించమని లోడ్ డిస్పాచ్ నుండి ఆజ్ఞ. హెల్పరును పంపాను. ఎనిమిది నిమిషాలకు మళ్ళీ ఫోను. ఈసారి అవతలి గొంతు నా పేరు అడిగి వ్రాసుకుంది. అమ్మడూ, నా పేరు వ్రాసుకున్నారన్న ఆ ఒక్క భయంతో, డబ్బా కొట్టేవాడు ఇంకా మొదటి మలుపు కూడా దాటి ఉండడని తెలిసి, సంత నుండి జనం వాగు దాటే వేళ అని తెలిసి, నేను టర్బైన్‌లోకి నీరు వదిలే గైడ్ వేన్లు తెరిపించాను. నూరు మీటర్ల ఎత్తు నుండి పది మెగావాట్లు తీయాలంటే సెకనుకు దాదాపు పన్నెండు ఘనపు మీటర్ల నీరు కావాలి, అంటే సెకనుకు పన్నెండు టన్నులు. ఆ లెక్క నాకు కంఠతా వచ్చు. ఆ పన్నెండు టన్నులు ఒక మనిషి మోకాళ్ళకు తగిలితే ఏమవుతుందన్న లెక్క నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

మలుపు అవతల ఒక ముసలాయన, ఆయన కోడలు, ఆమె చంకలో ఏడాది పిల్ల, వాళ్ళు సంతలో కొన్న ఏడు మేకలు వాగు మధ్యలో ఉన్నారు. ముసలాయన పిల్లను లాక్కుని బండ ఎక్కాడు. కోడలు చాలా దూరం కొట్టుకుపోయి వెదురు పొద పట్టుకుంది. మా హెల్పరు, డబ్బా పారేసి, పంచె విప్పి తాడులా విసిరి ఆమెను గట్టుకు లాగాడు. మేకలు పోయాయి. మనుషులెవరూ పోలేదు కాబట్టి విచారణ లేదు, సంజాయిషీ లేదు. ఆనాటి లాగ్ షీట్‌లో నా చేతివ్రాతతో “రెండో యూనిట్ గ్రిడ్‌కు కలిపినాము, అంతా సవ్యము” అని ఉంది.

మరునాడు ఉదయం ఆ ముసలాయన గేటు దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను, మేకల డబ్బు అడుగుతాడనుకుని జేబులో జీతం డబ్బులు పెట్టుకుని వెళ్ళాను. ఆయన చేతులు కట్టుకుని నిలబడి, “బాబూ, ఈవేళ నీళ్ళు ఎప్పుడొదుల్తారు?” అని మాత్రం అడిగాడు. నీళ్ళు వదలడం మా హక్కనీ, వేళ తెలుసుకోవడం తన పని అనీ ఆయన అనుకున్నాడు. నాకు నోట మాట రాలేదు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఆ వారంలోనే సైరన్ బాగైంది. నాలుగో చీటీ వ్రాసి కాదు, నేనే మోటారు విప్పి, బస్సు మీద వేసుకుని విశాఖపట్నం తీసుకెళ్ళి, చుట్టించుకొచ్చాను. మొదటి రోజే ఆ పని చేయగలిగి ఉండీ చేయలేదు.

2014 జూన్ 8న హిమాచల్‌లో లార్జీ జలవిద్యుత్ ఆనకట్ట నుండి వదిలిన నీటిలో, బియాస్ నదిలో రాళ్ళ మీద ఫోటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఇరవై నలుగురు కొట్టుకుపోయారు. నీకు అప్పుడు ఇంచుమించు వాళ్ళ వయసే. ఆ వార్త వచ్చిన రాత్రి నేను నీకు ఫోను చేసి ఏ కారణమూ చెప్పకుండా “ఎక్కడున్నావు” అని అడిగాను, గుర్తుందా? నువ్వు హాస్టల్‌లో ఉన్నానని విసుక్కున్నావు.

ఇప్పుడు నీ పనికి వస్తాను. నేను గేటు తెరిచినప్పుడు కిటికీలోంచి తొంగిచూస్తే వాగు కనబడేది; చూడకపోవడం నా దోషం. నువ్వు తయారుచేసే వ్యవస్థలో మీట నొక్కేవాడు నదికి వంద కిలోమీటర్ల దూరాన, ఖాట్మండులో కుర్చీలో ఉంటాడు. పగలంతా నీరు కూడబెట్టి సాయంత్రం ధర పెరిగిన వేళ ఒక్కసారిగా నడిపే కేంద్రం అది అని మీ అమ్మ ద్వారా విన్నాను. అటువంటి చోట నది మట్టం వానతో కాక బజారు ధరతో లేచి పడుతుంది, ఒడ్డున ఉన్నవాళ్ళకు ఆకాశం చూసినా ఏమీ తెలియదు. ఇంకొకటి మరిచిపోకు. ఆనకట్టకూ పవర్ హౌసుకూ మధ్య నీరంతా సొరంగంలో పోతుంది కాబట్టి అసలు నది కిలోమీటర్ల కొద్దీ ఎండినట్టే ఉంటుంది. కనీస నెలసరి ప్రవాహంలో పదో వంతు వదలాలని వాళ్ళ 2001 విధానం చెబుతుంది, అది సన్నని ధార మాత్రమే. ఆ ఎండిన పాయలోనే జనం ఇసుక తవ్వుతారు, చేపలు పడతారు, పిల్లలు ఆడతారు. గ్రిడ్‌లో ఎక్కడో లైను పడి మీ యూనిట్లు ట్రిప్ అయి ఆగిపోతే, సొరంగం మూసుకుని, నీరంతా ఆనకట్ట మీదుగా ఆ పాయలోకే దూకుతుంది. అందరూ యంత్రం నడిపేటప్పుడే సైరన్ గురించి ఆలోచిస్తారు. యంత్రం ఆగినప్పుడు ఆనకట్ట దగ్గర మోగించేదెవరు?

కాబట్టి సైరన్ మోగి, నిర్ణయించిన నిమిషాలు గడిచినట్టు సంకేతం రానిదే గేటు గాని గైడ్ వేన్లు గాని కదలకుండా ఇంటర్‌లాక్ వ్రాయి. దాన్ని దాటవేసే తాళంచెవి ఖాట్మండులో ఉండకూడదు, నది కనబడే చోట ఉన్న మనిషి చేతిలోనే ఉండాలి. సైరన్‌కు స్టేషన్ సరఫరాతో సంబంధం లేని సొంత బ్యాటరీ ఉండాలి. తిత్లీ తుఫాను దెబ్బకు 2018లో మన ఉద్దానం రోజుల తరబడి చీకట్లో ఉన్నప్పుడు ఎన్ని చోట్ల బ్యాటరీలు పేరుకే ఉన్నాయో నీకు తెలుసు. కూతతో పాటు మాట కూడా వినిపించు, అదీ ఆ లోయలో ఇళ్ళల్లో మాట్లాడుకునే భాషలో. నీటిని మెట్లు మెట్లుగా పెంచు. దానివల్ల సాయంత్రం మొదటి బ్లాకులో కొంత ఆదాయం పోతుందని మీ మేనేజరు లెక్క చూపిస్తాడు. నీ పేరు కూడా వ్రాసుకోవచ్చు, వ్రాసుకోనీ. ఈ విషయంలో తగ్గావంటే మాత్రం ఊరుకోను, పెద్ద ఇంజనీరువైనా సరే చెవి మెలిపెడతాను.

గట్టిగా మాట్లాడినట్టున్నాను, ఏమీ అనుకోకు. నువ్వు ఎనిమిదేళ్ళప్పుడు వంశధార చూపించడానికి గొట్టా బ్యారేజీకి తీసుకెళ్తే, గేటు కింద నురగ చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “ఈ నీళ్ళకి కింద ఎవరున్నారో తెలుసా మావయ్యా?” అని అడిగావు. నేను నవ్వి ఊరుకున్నానని నువ్వు అనుకుని ఉంటావు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. అరసవల్లిలో పూజ చేయించి పంపుతానంటుంది, ఆ ఒక్కరోజు ముందుగా వచ్చి ఆమె కోరిక తీర్చు. అక్కడికి చేరాక మొదటి సెలవు రోజున ఎవరితోనైనా సైరన్ మోగించమని చెప్పి, నువ్వు నది వెంట కిందికి నడువు. ఎన్నో మలుపు దగ్గర అది వినబడకుండా పోయిందో, ఆ మలుపు అవతల ఎన్ని ఇళ్ళున్నాయో నాకు ఉత్తరం వ్రాయి.

మీ మావయ్య