నాన్నకు ఆ నూనె చుక్కలు వెయ్యొచ్చా?

వృద్ధుల మానసిక ఆరోగ్యం – పాఠకుల ప్రశ్నలకు డాక్టర్ గారి జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకు 78 ఏళ్లు. అల్జైమర్స్ అని తేలి నాలుగేళ్లయింది. డోనెపెజిల్ వాడుతున్నారు. గుండె లయ తప్పుతోందని, రక్తం పలుచబరిచే వార్ఫరిన్ కూడా ఉంది. మాటిమాటికీ మూత్రానికి లేస్తున్నారని ఈమధ్య ఆక్సీబ్యుటినిన్ రాశారు. కొన్ని వారాలుగా మనిషి బాగా మారిపోయారు. సాయంత్రమయితే చాలు, ‘మా ఇంటికి పోవాలి’ అంటూ తలుపు బాదుతారు. స్నానానికి చొక్కా విప్పబోతే తిడతారు, తోస్తారు. మొన్న నన్ను కొట్టారు. చిన్నప్పుడు కూడా నా మీద చెయ్యెత్తని మనిషి. ఈ గొడవ తగ్గడానికి డాక్టరు రిస్పెరిడోన్ రాశారు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్లలో దానివల్ల మరణాలు పెరుగుతాయని మందు పెట్టెలోని కాగితంలో చదివి భయపడి మొదలుపెట్టలేదు. మా తమ్ముడు సీబీడీ ఆయిల్ పంపాడు. ‘మొక్క నుంచి తీసింది, మత్తు ఉండదు, సైడ్ ఎఫెక్ట్స్ లేవు’ అంటాడు. సీసా మీద 30 మి.లీ.లో 600 మి.గ్రా. అని ఉంది. ఎన్ని చుక్కలు వెయ్యమంటారు?
– ఒక కూతురు

జవాబు: ప్రస్తుతానికి ఒక్క చుక్క కూడా వద్దమ్మా. సీబీడీ అంటే గంజాయి మొక్కలో ఉండే ఒక పదార్థం. అయినా ఆ మొక్క పేరు వినగానే ఉలిక్కిపడే రకం కాదు నేను. నా అభ్యంతరమంతా మీరు రాసిన మందుల పట్టీలోనే ఉంది.

ముందు ఆ ఆక్సీబ్యుటినిన్ సంగతి చూద్దాం. డోనెపెజిల్ మెదడులో అసిటైల్‌కోలిన్ అనే రసాయనం తరిగిపోకుండా కాపాడుతుంది. ఆక్సీబ్యుటినిన్ సరిగ్గా ఆ రసాయనం పనికే అడ్డం పడుతుంది. పైగా మాటిమాటికీ మూత్రం రావడం డోనెపెజిల్ వల్ల కూడా జరగొచ్చు. అంటే ఒక మందు తెచ్చిన ఇబ్బందికి ఇంకో మందు, ఆ రెండోది తెచ్చిన గందరగోళానికి మూడో మందు, ఇప్పుడు నాలుగోదిగా తమ్ముడి సీసా! వరస ఇలాగే సాగుతుంది, ఎవరో ఒకరు ఆపేదాకా. ఆక్సీబ్యుటినిన్‌తో ఈ వయసువాళ్లలో అయోమయం పెరగొచ్చు, మలబద్ధకం రావొచ్చు, మూత్రం పూర్తిగా బయటికి రాకుండా లోపలే నిలిచిపోవచ్చు. పొత్తికడుపు ఉబ్బి బాధపడుతూ, ఆ మాట చెప్పడం చేతకాని మనిషి తలుపు బాదక ఏం చేస్తాడు? మార్పు కొన్ని వారాల కిందటే మొదలైందని, ఈ మాత్ర కూడా ఈమధ్యే చేరిందని మీరే రాశారు. ఈ రెండింటికీ సంబంధం ఉందో లేదో తేల్చడం మొదటి పని. మాత్ర మీ అంతట మీరు ఆపకండి. ఈ వారంలోనే ఆయన్ని చూసే డాక్టరును అడగండి. మూత్ర పరీక్ష, మూత్రం పోశాక లోపల ఎంత మిగులుతోందో చూసే స్కాన్ చేయించమనండి. విరేచనం చివరిసారి ఎప్పుడైందో గుర్తు చేసుకుని చెప్పండి. చాలా ఇళ్లల్లో ఈ ప్రశ్నకు జవాబు ఎవరికీ తెలియదు.

రెండోది, చొక్కా. మీరు స్నానం గురించి రాశారు గానీ నాకు అందులో భుజం కనిపించింది. చెయ్యి పైకెత్తినప్పుడు మొహం చిట్లిస్తారా? ఒకవైపు చొక్కా తీసేటప్పుడే తోస్తారా, రెండువైపులానా? నార్వేలో 18 వృద్ధాశ్రమాల్లో, డిమెన్షియాతో పాటు అలజడి కూడా ఉన్న 352 మంది మీద జరిపిన పరిశోధన 2011లో వెలువడింది. అందులో ఒక వర్గానికి నొప్పి ఉందేమోనని పద్ధతి ప్రకారం నొప్పి మందులిచ్చారు. ఎక్కువమందికి ఇచ్చింది మామూలు పారాసెటమాల్. ఎనిమిది వారాల్లో ఆ వర్గంలో అలజడి సగటున 17 శాతం తగ్గింది. నాన్నగారికి వార్ఫరిన్ ఉంది కాబట్టి పారాసెటమాల్ మోతాదు కూడా డాక్టరే చెప్పాలి. రోజూ ఎక్కువగా వాడితే రక్తం పలుచబడటం మీద దాని ప్రభావమూ ఉంటుంది. ఈలోగా ముందుకు గుండీలుండే వదులు చొక్కాలు వెయ్యండి, నొప్పి ఉన్న చేతిని చివర్లో విప్పండి. ఒళ్లంతా ఒకేసారి తడపకుండా, వెచ్చని తువ్వాలు కప్పి ఒక్కో భాగమే తుడవండి. ఆ రోజు వద్దంటే వద్దు. ఒక పూట స్నానం తప్పితే కొంప మునగదు.

ఇప్పుడు తమ్ముడి మాటలకు వద్దాం. మత్తు ఉండదన్నది సీబీడీ వరకు నిజమే. మత్తెక్కించేది టీహెచ్‌సీ అనే వేరే పదార్థం. అయితే సీసాలో సీబీడీ ఒక్కటే ఉందని ఎవరు చెప్పారు? ఇంటర్నెట్‌లో అమ్మే 84 సీబీడీ సరుకులు కొని పరీక్షిస్తే, లేబుల్ మీద రాసిన మోతాదుకు సరిపోయినవి మూడోవంతు కూడా లేవు. 18 వాటిలో టీహెచ్‌సీ బయటపడింది. ఇది 2017లో ప్రచురితమైన పరిశోధన. డిమెన్షియా ఉన్న పెద్దాయనకు తెలియకుండా టీహెచ్‌సీ వెళ్తే తల తిరుగుతుంది, అయోమయం పెరుగుతుంది. వార్ఫరిన్ మీద ఉన్న మనిషి తల తిరిగి పడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

సైడ్ ఎఫెక్ట్స్ లేవన్నది మాత్రం శుద్ధ అబద్ధం. శుద్ధి చేసిన సీబీడీ ఒక గుర్తింపు పొందిన మందు. పిల్లల్లో వచ్చే రెండు మొండి మూర్ఛ జబ్బులకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని 2018లో అనుమతించింది. ఆ మందుకు మగత, విరేచనాలు, ఆకలి తగ్గడం, లివర్ ఎంజైములు పెరగడం అన్నీ నమోదయ్యాయి. విరేచనాలు, ఆకలి మందగించడం డోనెపెజిల్‌కూ ఉన్నవే. అన్నిటికంటే నన్ను భయపెట్టేది వార్ఫరిన్. దాన్ని శరీరంలో విరగ్గొట్టే లివర్ ఎంజైములకు సీబీడీ అడ్డుపడుతుంది. సీబీడీ మొదలుపెట్టాక ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలుచబడిందో చెప్పే పరీక్ష అంకె) పెరిగి వార్ఫరిన్ తగ్గించాల్సి వచ్చిన సంఘటన వైద్య పత్రికల్లోకి ఎక్కింది. మీరు డాక్టరుకు చెప్పకుండా చుక్కలు మొదలుపెడితే ఐఎన్ఆర్ ఎందుకు పెరిగిందో ఆయనకు అంతుపట్టదు.

ఇంతకీ అది పనిచేస్తుందా? అలజడి మీద జరిగిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం సీబీడీ మీదవి కావు. కెనడాలో నాబిలోన్ అనే టీహెచ్‌సీ లాంటి కృత్రిమ మందుతో అలజడి తగ్గింది (2019), కానీ 45 శాతం మంది మగతగా తయారయ్యారు. నెదర్లాండ్స్‌లో 50 మందికి కొద్ది మోతాదులో టీహెచ్‌సీ ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మందుకూ దానికీ తేడా లేదు (2015). మీ ప్రశ్నకు దగ్గరగా వచ్చేది 2022లో వెలువడిన ఇజ్రాయెల్ ప్రయోగం. 60 మంది, 16 వారాలు, సీబీడీ 30 పాళ్లకు టీహెచ్‌సీ ఒక పాలు ఉన్న నూనె. అలజడి చెప్పుకోదగ్గంత తగ్గినవాళ్లు నూనె వర్గంలో 60 శాతం, ఉత్తుత్తి నూనె వర్గంలో 30 శాతం. ఆశ కలిగించే ఫలితమే. కానీ అందులోనూ కాస్త టీహెచ్‌సీ ఉంది, పైగా చిన్న ప్రయోగం. ఏ మందూ లేని నూనెతోనే వందకు ముప్ఫై మంది కుదుటపడ్డారన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. రేపు మీ నాన్నగారు నెమ్మదిస్తే అది చుక్కల గొప్పే అనుకోవడానికి లేదు.

మోతాదు అడిగారు గనక ఒక లెక్క. మీ సీసాలో చుక్కకు సుమారు ఒక మిల్లీగ్రాము ఉంటుంది. మూర్ఛకు ఇచ్చే మోతాదు మామూలుగా కిలో బరువుకు రోజుకు 10 మి.గ్రా., అవసరమైతే 20 దాకా వెళ్తుంది. 10 లెక్కన చూసినా 60 కిలోల మనిషికి 600 మి.గ్రా., అంటే మీ సీసా మొత్తం ఒక్క రోజుకే. (పట్టించమని కాదు సుమా!) ఐదారు చుక్కలు ఏం చేస్తాయన్నది ఎవరూ ఖాయంగా చెప్పలేరు.

రిస్పెరిడోన్ గురించి మీరు చదివింది నిజం. 17 ప్రయోగాలు కలిపి చూసి ఎఫ్‌డీఏ 2005లో ఈ తరహా మానసిక జబ్బుల మందుల (యాంటీసైకోటిక్స్) మీద హెచ్చరిక పెట్టించింది. పది వారాల ప్రయోగంలో ఉత్తుత్తి మాత్రల వర్గంలో మరణాలు 2.6 శాతమైతే మందు వర్గంలో 4.5 శాతం. చిన్న తేడా కాదు. అందుకే ఆయన వల్ల ఆయనకో, మీకో దెబ్బ తగిలే పరిస్థితి ఉంటేనే, తక్కువ మోతాదులో, ఎప్పుడు ఆపాలో ముందే అనుకుని ఇస్తాం. పక్షవాతం వచ్చిందా, లేని మనుషులు కనబడుతున్నారా, ఒళ్లు బిగుసుకుంటోందా అన్నవి ముందే డాక్టరుకు చెప్పండి. మాత్ర మొదలుపెట్టలేదన్న సంగతి కూడా చెప్పండి. చాలామంది మొహమాటపడి దాచిపెడతారు.

సాయంత్రాలకు: చీకటి పడకముందే లైట్లు వెయ్యండి. ‘ఇదే మన ఇల్లు నాన్నా’ అని వాదించకండి, ఓడిపోతారు. ‘సరే, పోదాం పద, ఆ ఇంట్లో ఎవరెవరుంటారు?’ అని అడుగుతూ నాలుగడుగులు నడిపించండి. కొట్టబోతే చెయ్యి పట్టుకోకుండా రెండడుగులు వెనక్కి జరగండి. ఏ టైముకు గొడవ మొదలైంది, దానికి ముందు ఏం జరిగింది, ఎలా సద్దుమణిగింది అని ఓ వారం రాసి ఆ కాగితం డాక్టరుకు ఇవ్వండి.

ఇవన్నీ అయ్యాక కూడా సీబీడీ ప్రయత్నించాలనిపిస్తే, అది మీరుండే చోట చట్టప్రకారం దొరికేదై ఉండాలి, డాక్టరుకు తెలిసి జరగాలి, ఐఎన్ఆర్, లివర్ పరీక్షలు ముందూ తర్వాతా చేయించాలి. తమ్ముడికి ఈ జవాబు చూపించండి. కావాలంటే కోపం నా మీద పెట్టుకోమనండి.

ప్రశ్న: మా అత్తగారికి మతిమరుపు మొదలైంది. సీబీడీ జ్ఞాపకశక్తిని కాపాడుతుందని విన్నాం. నిజమేనా?

జవాబు: ప్రయోగశాలలో కణాల మీద, ఎలుకల మీద అలాంటి ఫలితాలున్నాయి. మనుషుల్లో జబ్బును నెమ్మదింపజేస్తుందని తేలలేదు. గంజాయి తరహా మందులు, డిమెన్షియా మీద 2021లో కాక్రేన్ (వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచే సంస్థ) సమీక్ష జరిపితే పనికొచ్చే ప్రయోగాలు నాలుగే దొరికాయి, అన్నిటిలో కలిపి 126 మంది. ఆవిడకు వినికిడి పరీక్ష, థైరాయిడ్, బి12 చేయించారా? నిద్ర మాత్రలు, అలర్జీ మాత్రలు ఏమైనా వాడుతున్నారా? మళ్లీ రాసేటప్పుడు మందుల పేర్లన్నీ రాయండి, మానేసినవాటితో సహా.