నా దగ్గర నడిచే నోట్‌బుక్ సార్ దగ్గర ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: మామిడి ధరలపై జూపిటర్ నోట్‌బుక్‌లో (కోడ్, వివరణ ఒకేచోట రాసుకునే సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టు చేశాను. నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది. మా సార్ తెరిస్తే ‘నేమ్ ఎర్రర్’ (ఆ పేరుతో ఏమీ లేదనే తప్పు) వస్తోంది. ఎందుకండీ?
– డిగ్రీ విద్యార్థిని, చిత్తూరు

జవాబు: సెల్ (కోడ్ రాసే గడి) చెరిపేసినా అందులో పుట్టిన వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) కెర్నల్, అంటే కోడ్‌ను నడిపే ప్రోగ్రామ్, మెమరీలో అలాగే ఉంటుందమ్మా. అందుకే మీ దగ్గర నడుస్తోంది. సార్ దగ్గర కెర్నల్ కొత్తగా మొదలవుతుంది కాబట్టి ఆ వేరియబుల్ ఉండదు. సెల్ పక్కన బ్రాకెట్లలోని అంకెలు చూడండి, అవి సెల్స్ నడిచిన వరుస. 7 కింద 3 కనిపిస్తే వరుస తప్పినట్టే. ఇచ్చే ముందు కెర్నల్ మెనూలో ‘రీస్టార్ట్ కెర్నల్ అండ్ రన్ ఆల్ సెల్స్’ నొక్కి తీరాలి. ఏ సెల్ దగ్గర ఆగితే అక్కడ వెతకండి. ధరల ఫైలును నోట్‌బుక్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టి, కోడ్‌లో మీ ల్యాప్‌టాప్‌లోని ఫోల్డర్ల దారి కాకుండా ఆ ఫైలు పేరు మాత్రమే రాయండి.

ఎస్కేప్, తర్వాత ఎం నొక్కితే వివరణ రాసుకునే మార్క్‌డౌన్ సెల్ అవుతుంది. అందులో సగటు ధరను చేత్తో టైపు చేయొద్దు. డేటా మారినా ఆ అంకె మారదు. దాన్ని కోడ్ సెల్‌లో ప్రింట్‌తోనే చూపించండి.