పురుగు బతికే ఉంది, మళ్లీ మందు కొట్టాలా?

ప్రశ్న: యాసంగి మొక్కజొన్న మోకాలెత్తు ఉంది. కత్తెర పురుగుకు నిన్న సాయంత్రం క్లోరాంట్రానిలిప్రోల్ కొట్టాను. పొద్దున చూస్తే సుడుల్లో పురుగులు బతికే ఉన్నాయి. దుకాణంలో అడిగితే వేరే కంపెనీ మందు ఇచ్చారు. రేపే కొట్టమంటారా?
– ఒక రైతు, పర్వతగిరి మండలం, వరంగల్ జిల్లా

జవాబు: ఆ సీసా మూత ఇప్పుడే తీయకండి. కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. అదీ క్లోరాంట్రానిలిప్రోలే అయితే పాత మందుకే రెండోసారి డబ్బు కట్టారన్నమాట.

ఈ మందు పురుగును అక్కడికక్కడే చంపదు. పురుగు కండరాల్లో కాల్షియం నిల్వ ఉండే సన్నని సంచులుంటాయి. వాటి పొరలో రయనోడిన్ గ్రాహకం అనే ప్రోటీన్ ఉంటుంది. నరం నుంచి సంకేతం అందితే తెరుచుకొని కాల్షియాన్ని వదలడం, పని కాగానే మూసుకోవడం దాని విధి. మందు అణువు అతుక్కుంటే మాత్రం, షట్టరు ఇరుక్కుపోయిన చెరువు తూములా తెరుచుకునే ఉండిపోతుంది. నిల్వ కారిపోతుంది, కండరాలు పట్టు తప్పుతాయి, దవడలు ఆడవు. కొన్ని గంటల్లోనే మేత ఆగుతుంది. చావడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. మన కండరాల్లోనూ ఈ ప్రోటీన్ ఉంది గానీ నిర్మాణంలో తేడా వల్ల మందు దానికి అంతగా అతుక్కోదు. అలాగని చేతి తొడుగులు, ముఖానికి మాస్కు మానేయమని కాదు.

అందుకే పురుగు బతికుందా అని కాదు, తింటోందా అని చూడండి. మూడో రోజు పొలంలో అక్కడక్కడా సుడులు విప్పండి. పెంట ఎండిపోయి, పురుగు ముడుచుకొని, పుల్లతో కదిపినా బద్ధకంగా ఉంటే మందు పని చేసినట్టే. తడి పెంట, లేత ఆకుపై కొత్త గాట్లు కనిపిస్తే మందు మార్చాలి: లీటరు నీటికి స్పైనటోరామ్ 11.7 ఎస్.సి. 0.5 మి.లీ. లేదా ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్.జి. 0.4 గ్రా. మొదటిది నరాల్లోని ఎసిటైల్‌కోలిన్ గ్రాహకానికి, రెండోది క్లోరైడ్ ద్వారానికి అతుక్కుంటాయి. కాల్షియం ద్వారంతో వీటికి పని లేదు. ఒకే మందు పదేపదే వాడితే ఏమవుతుందో క్యాబేజీలో డైమండు రెక్కల పురుగు చూపించింది. రయనోడిన్ గ్రాహకంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, మందుకు పట్టు దొరకదు, పురుగు చావదు.

బాగా ఎదిగిన పురుగులు సుడి లోపల దాక్కుంటే పిచికారీ అందదు. వాటికి విషపు ఎర పెట్టాలి. 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం 2–3 లీటర్ల నీటితో కలిపి ఒక రోజు పులియబెట్టండి. వాడే అరగంట ముందు 100 గ్రా. థయోడికార్బ్ పురుగుమందు కలిపి, సాయంత్రం పూట చిన్న ఉండలుగా సుడుల్లో వేయండి. ఆ వైపు కోళ్లను, పశువులను వదలవద్దు.