పెద్ద కంపెనీ టెక్నికల్ ఇంటర్వ్యూలో అసలేం చూస్తారు? ఒకసారి పోయి, ఒకసారి వచ్చిన నా అనుభవం

వచ్చే నెల పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఇంటర్వ్యూ ఉంది, కోడింగ్ ప్రశ్నలు ప్రాక్టీస్ చేసే లీట్‌కోడ్ సైట్‌లో 300 ప్రాబ్లమ్స్ చేశాను, అయినా ధైర్యం చాలట్లేదు, లోపల ఏం చూస్తారు అని అడిగారు కదా. నేను ఇలాంటి కంపెనీలకి రెండుసార్లు వెళ్లా, మొదటిసారి పోయింది, రెండోసారి వచ్చింది. విచిత్రం ఏంటంటే పోయినదాంట్లో నాకు బాగా తెలిసిన ప్రశ్న వచ్చింది, వచ్చినదాంట్లో ఎప్పుడూ చూడని ప్రశ్న వచ్చింది.

మొదటిది చెప్తా. రిక్రూటర్ కాల్, ఆన్‌లైన్ టెస్ట్ అయ్యాక 45 నిమిషాల ఫోన్ రౌండ్. ఒక నంబర్ల లిస్టు ఇచ్చి, ఏ రెండు కలిపితే 19 వస్తుందో కనుక్కోమన్నారు. చూడగానే ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే అది నాకు కంఠతా వచ్చు. చూసిన నంబర్లని గుర్తుపెట్టుకుని వెంటనే వెతికిచ్చే హ్యాష్ మ్యాప్ పెట్టి పది నిమిషాల్లోపే రాసేశా, ఒక్క మాట మాట్లాడలేదు, తల దించుకుని టకటకా టైప్ చేసి అయిపోయిందండీ అన్నా. ఇంటర్వ్యూ చేస్తున్నాయన కాసేపు ఆగి "నేనిచ్చిన లిస్టు ఒకసారి చూడండి" అన్నారు. 2, 5, 8, 11, 15. "ఏమైనా కనిపిస్తోందా?" నాకేం కనిపించలేదు, నా కోడ్‌లో తప్పుందేమో అని మళ్లీ మళ్లీ కోడే చూస్తున్నా. చివరికి ఆయనే చెప్పారు, లిస్టు చిన్న నంబరు నుంచి పెద్దదానికి వరసలో ఉంది కదా అని. వరసలో ఉంటే ఒక వేలు ఈ చివర, ఒక వేలు ఆ చివర పెట్టి, మొత్తం ఎక్కువైతే కుడి వేలు వెనక్కి, తక్కువైతే ఎడమ వేలు ముందుకి జరుపుకుంటూ వస్తే చాలు, అదనపు మెమరీ అసలు అక్కర్లేదు. నాకు తెలియనిది కాదు అది! కానీ లిస్టు ఎప్పుడూ వరసలోనే ఉంటుందా, ఒకే నంబరు రెండుసార్లు రావచ్చా, జంట దొరక్కపోతే ఏం రిటర్న్ చెయ్యాలి, ఇవేమీ నేను అడగలేదు. వారం తర్వాత రిజెక్ట్ మెయిల్ వచ్చింది, కారణం రాయలేదు.

ఎందుకు పోయిందో నాకు చాలా కాలం తర్వాత, వేరే కంపెనీలో చేరి నేనే ఇంటర్వ్యూలు తీసుకోవడం మొదలుపెట్టాక అర్థమైంది. ఇంటర్వ్యూ తీసుకునే మనిషి ఒక్కడే మిమ్మల్ని తీసుకోవాలా వద్దా అని తేల్చడు చాలాచోట్ల. తను ఫీడ్‌బ్యాక్ రాయాలి, దాన్ని మిమ్మల్ని ఎప్పుడూ చూడనివాళ్లు కూడా చదువుతారు. గూగుల్‌లో ఆ ఫీడ్‌బ్యాక్ చదివి తేల్చే హైరింగ్ కమిటీ పద్ధతి తెలిసిందే, అమెజాన్‌లో బార్ రైజర్ అని ఆ టీంతో సంబంధం లేని ఒకరు ప్యానెల్‌లో ఉంటారు. అంటే మీ ఎదురుగా కూర్చున్నాయన మీ తరఫున రాయడానికి ఆయనకి మీ మాటలు కావాలి. మీరు మౌనంగా రాస్తే ఆయన దగ్గర ఉండేది "కోడ్ పనిచేసింది, ఎలా ఆలోచించాడో తెలియలేదు" అన్న ఒక్క ముక్క. నేను ఫారం నింపేటప్పుడు ఇలాంటి క్యాండిడేట్ల విషయంలో నిజంగా బాధేస్తుంది, తెలివైనవాడని అనిపిస్తుంది కానీ రాయడానికి ఆధారం ఉండదు.

రెండోది ఏడాది తర్వాత. ఒకే రోజు నాలుగు రౌండ్లు, అన్నీ వీడియోలో, ఆటో కంప్లీట్ లేని ఖాళీ డాక్యుమెంట్‌లో రాయాలి, రన్ చెయ్యడం కుదరదు. (దీనికైనా ప్రాక్టీస్ చెయ్యండి, ఎడిటర్ సాయం లేకపోతే చెయ్యి ఎంత తడబడుతుందో కూర్చుంటే గానీ తెలీదు.) మొదటి రౌండ్‌లో వచ్చిన ప్రశ్న నేనెప్పుడూ చూడలేదు. ఈసారి నోరు తెరిచా. నాకర్థమైంది ఇది, కరెక్టేనా అన్నా, ముందు అన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయే మొద్దు పద్ధతి చెప్పా, అది ఎందుకు నెమ్మదో చెప్పా, అక్కణ్ణుంచి బైనరీ సెర్చ్ (వరసలో ఉన్న లిస్టులో ప్రతిసారీ మధ్యది చూసి సగం వదిలేస్తూ వెతకడం) పనికొస్తుందని మాట్లాడుతూ మాట్లాడుతూనే తట్టింది. రాశాక మధ్య స్థానం లెక్కకట్టే లైన్ దగ్గర ఇంటర్వ్యూ చేస్తున్నామె ఆగారు. వెతికే భాగం మొదటి స్థానం 'లో'ని, చివరి స్థానం 'హై'ని కలిపి రెండుతో భాగించా, అందరూ రాసేదే. "ఈ లైన్ ఎప్పుడైనా దెబ్బతింటుందా?" అన్నారు. వెంటనే తట్టలేదు, అదే పైకి చెప్పా, చెప్పి ఆ రెండూ ఎంత పెద్దవి కావచ్చు అని గట్టిగా లెక్కేసుకున్నా. కోడ్‌లో పూర్ణసంఖ్యని మామూలుగా దాచే 32 బిట్ల ఇంటీజర్‌లో పట్టేది 214,74,83,647 వరకే, లిస్టులో సుమారు 107 కోట్లకి పైగా ఉంటే కూడికే దాన్ని దాటి మైనస్‌లోకి పోతుంది. ఆ రెంటి తేడాని సగం చేసి 'లో'కి కలిపితే సరి. ఆమె ముఖం వెలిగిపోయింది, జావా ప్రోగ్రామింగ్ భాష సొంత లైబ్రరీలోనే ఈ బగ్ సుమారు తొమ్మిదేళ్లు ఉందని, ఆ కోడ్ రాసిన జాషువా బ్లాకే 2006లో దాని గురించి బయటపెట్టి రాశాడని చెప్పారు. అక్కణ్ణుంచి అది ఇంటర్వ్యూలా లేదు, ఇద్దరు పనివాళ్లు ఒక సమస్య మీద కూర్చున్నట్టు ఉంది.

డిజైన్ రౌండ్‌లో లింకుల్ని పొట్టిగా చేసే సర్వీస్ ఇచ్చారు. బాక్సులు గీసే ముందు లెక్క వెయ్యండి. పొట్టి లింకులో వాడే అంకెలు, ఇంగ్లీషు చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాలు కలిపితే 62, ఆరు స్థానాలైతే సుమారు 5,680 కోట్ల లింకులు, ఏడైతే మూడున్నర లక్షల కోట్లు. ఈ ఒక్క లెక్కతో మిగతా చర్చంతా నేలమీదికొస్తుంది.

పనిలో మీరెలా నడుచుకున్నారో అడిగే బిహేవియరల్ రౌండ్‌ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి, నా ఫ్రెండ్స్‌లో ఇద్దరికి అక్కడే పోయింది. అమెజాన్ అయితే తమ ఉద్యోగులు ఎలా పనిచెయ్యాలో చెప్పే 16 లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్ వాళ్ల సైట్‌లోనే ఉంటాయి, చదివి ఒక్కోదానికి మీ పనిలోంచి నిజంగా జరిగింది ఒకటి గుర్తుచేసుకోండి. మనం మర్యాద కోసం "మేము చేశాం, మా టీం చేసింది" అంటాం, వాళ్లకి మీరేం చేశారో కావాలి, "నేను" అనడానికి మొహమాటపడొద్దు.

300 చేశారు కాబట్టి కొత్తవి ఇక ఆపెయ్యండి. పాతవాటిల్లోంచే రోజుకి ఒకటి తీసి, ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకుని పైకి మాట్లాడుతూ చెయ్యండి, మనిషి దొరక్కపోతే ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. మొదటి రెండు మూడు రోజులు మీ గొంతు మీకే ఇబ్బందిగా ఉంటుంది, నాకూ ఉండేది.

ఇంటర్వ్యూ అవ్వగానే, ఇంకేదీ చెయ్యకముందే, ఏం అడిగారో, మీరెక్కడ ఆగారో మీ వరకే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. రిజల్ట్ ఏదొచ్చినా దాంతోపాటు చాలాసార్లు కారణం రాదు. మొదటి ఇంటర్వ్యూలోని ఆ ఐదు నంబర్లూ నాకింకా గుర్తున్నాయంటే ఆ సాయంత్రం రాసుకున్నాను కాబట్టే.