అద్దె ఎవరికి చెల్లించాలి?

ప్రశ్న: మా ఇంటి యజమాని మరణించారు. వారసుడినంటూ ఆయన కుమారుడు, వీలునామా తన పేరిట ఉందంటూ ఆయన తమ్ముడు, అద్దె తమకే కట్టాలని నాకు విడివిడిగా నోటీసులు పంపారు. ‘ఇంటర్‌ప్లీడర్ దావా’ వేయమని ఒక న్యాయవాది అన్నారు. అద్దెకున్నవారికి ఆ అవకాశం లేదని మరొకరు అంటున్నారు. ఈ దావా అంటే ఏమిటి? నేను వేయవచ్చునా?

జవాబు: ఒకే సొమ్మును లేదా ఆస్తిని ఇద్దరు ముగ్గురు ఎవరికివారు తమదేనంటూ అడుగుతున్నప్పుడు, దానిపై తనకు ఏ హక్కూ కోరకుండా, అసలు హక్కుదారుకు అప్పగించడానికి సిద్ధంగా ఉన్న వ్యక్తి వారందరినీ ప్రతివాదులుగా చేర్చి, అది ఎవరికి చెందుతుందో తేల్చమని వేసేదే ఇంటర్‌ప్లీడర్ దావా. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 88వ సెక్షన్ దీనికి ఆధారం. విధానం అదే కోడ్‌లోని 35వ ఆర్డరు అనే భాగంలో ఉంది. ఇందులో వాదికి ఎవరితోనూ పేచీ ఉండదు, తగవంతా ప్రతివాదుల మధ్యనే. ఒకరికి కట్టిన సొమ్మును రెండోవారికి మళ్ళీ కట్టవలసిన ప్రమాదం నుంచి వాదికి రక్షణ లభిస్తుంది.

ఖర్చులు తప్ప ఆ సొమ్ములో తనకేమీ రాదని, ప్రతివాదుల్లో ఎవరు ఏమి కోరుతున్నారో, వారిలో ఎవరితోనూ తాను కుమ్మక్కు కాలేదని వాది దావాలో స్పష్టంగా చెప్పాలి. మీరిచ్చిన అడ్వాన్సును ఈ అద్దెలో మినహాయించుకుంటానంటే, ఆ మేరకు మీరూ హక్కు కోరినట్లే అవుతుంది కనుక ఆ మాట ఇందులో కలపకండి. సొమ్మును కోర్టులో జమ చేయమని ఆదేశించవచ్చు. మొదటి వాయిదాలోనే మిమ్మల్ని బాధ్యత నుంచి విముక్తుల్ని చేసి, ఖర్చులిప్పించి, దావా నుంచి తప్పించే అధికారం కూడా కోర్టుకు ఉంది.

మీకు అడ్డు చెప్పినవారు ఆ 35వ ఆర్డరులోని 5వ నియమాన్ని సగమే గుర్తుంచుకున్నట్లున్నారు. యజమానితో సంబంధం లేని బయటివ్యక్తి ఎవరో వచ్చి ఇల్లు తనదంటే, యజమానినీ అతడినీ కలిపి అద్దెదారు ఈ దావాకు లాగకూడదు. యజమాని ద్వారా హక్కు సంక్రమించిందనేవారి విషయంలో ఆ నిషేధం లేదు. ఇక్కడ కుమారుడూ తమ్ముడూ ఇద్దరూ ఆయన ద్వారానే అడుగుతున్నారు కాబట్టి మీరు దావా వేయవచ్చు.

అయితే వారి మధ్య ఈ ఇంటిపై దావా ఏదైనా ఇప్పటికే నడుస్తోందేమో ముందుగా కనుక్కోండి. అందరి హక్కులూ అందులోనే తేలే వీలుంటే విడిగా ఇంటర్‌ప్లీడర్ దావా వేయడానికి చట్టం ఒప్పుకోదు. ఈలోగా ఏ నెల అద్దె ఆ నెల విడిగా తీసి ఉంచి, మీ ఇబ్బందిని ఇద్దరికీ స్పీడ్ పోస్టులో తెలియజేయండి.