పసుపు డబ్బా ఖాళీ చేస్తున్న ఏడో తరగతి

ప్రశ్న: మా బాబు గవర్నమెంటు స్కూల్లో ఏడో తరగతి. ఈ ఏడాది కొత్త సైన్సు మేడం వచ్చారు. అప్పట్నుంచీ ఇంట్లో పసుపు, నిమ్మకాయలు, పెరట్లో మందార పువ్వులు ఏవీ మిగలట్లేదు. నోట్సు తీస్తే రెండు పేజీలు. పక్కింటి పిల్లాడిది ప్రైవేటు స్కూలు, అదే క్లాసు, వాడి నోట్సు అప్పుడే సగం నిండింది, ఐఐటీ ఫౌండేషన్ బుక్కు కూడా మొదలెట్టాడు. మావాడేమో బడికి మాత్రం తెల్లారకముందే రెడీ. మేడంతో మాట్లాడాలా, స్కూలే మార్చాలా? టెన్షన్‌గా ఉంది.
– ఒక అమ్మ, జనగామ

జవాబు: ముందు ఓ పని చేయండమ్మా. పసుపు మరక పడ్డ తెల్లబట్ట ఒకటి తీసుకుని, సబ్బు రుద్దగానే అది ఎర్రగా ఎందుకు మారుతుందో మీవాణ్ణి అడగండి. మనమంతా బట్టలుతికేటప్పుడు ఎన్నోసార్లు చూసిందే, ఎందుకని మాత్రం అడిగిన పాపాన పోలేదు. సబ్బు క్షారం కాబట్టి పసుపు ఎర్రబడుతుందని, దాని మీద నిమ్మరసం పిండితే మళ్ళీ పచ్చగా అవుతుందని వాడు చెప్తే, చెప్పడమే కాదు చేసి చూపిస్తే, ఆ రెండు పేజీల నోట్సు గురించి బెంగ వద్దు. మందార రసం కూడా అంతే. నిమ్మరసంలో ముదురు గులాబీ రంగు, సబ్బు నీళ్ళలో ఆకుపచ్చ. ఏడో తరగతి ఆమ్లాలు, క్షారాల పాఠం మీ వంటింట్లోనే జరుగుతోందన్నమాట.

నేనూ సైన్సు మాస్టారినే, రిటైరయ్యాను. మొదటి పదేళ్ళు 'ఆమ్లాలు నీలి లిట్మస్‌ను ఎర్రగా మారుస్తాయి' అని పిల్లల చేత రాయించీ రాయించీ నోట్సులు నింపాను, ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పే ఆ లిట్మస్ కాగితం ముక్క ఒక్కటైనా చూపించకుండా. ఒకరోజు వెనక బెంచీ కుర్రాడు లేచి, "సార్, లిట్మస్ అంటే జంతువా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేను కసిరి కూర్చోబెట్టాను, ఆ ఏడాదంతా వాడు మళ్ళీ నోరు తెరవలేదు. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బడికి తెల్లారకముందే రెడీ అవుతున్నాడని ఫిర్యాదుల మధ్యలో ఓ ఫిర్యాదులా రాశారు చూశారా, నా కన్ను అక్కడే ఆగింది. ఆ మేడం సొంత సరదాకి చేయిస్తున్నదీ కాదిది. పిల్లలు పనులు చేస్తూ, వెతికి తెలుసుకుంటూ, భయం లేకుండా నేర్చుకోవాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్లోనే ఉంది.

అయితే ఒక్క విషయంలో మీ బెంగ సబబే. చేతులతో చేసింది కాగితం మీద పెట్టడం రాకపోతే పరీక్షలో వాడే ఇబ్బంది పడతాడు. కాబట్టి మేడంని కలవండి, నిలదీయడానికి కాదు, 'చేసిందాన్ని వాడి మాటల్లో రాయిస్తున్నారా' అని అడగడానికి. వెళ్ళేటప్పుడు నాలుగు మందార పువ్వులు పట్టుకెళ్ళండి. స్కూలు మార్చే మాట ఇప్పట్లో ఎత్తకండి.

ప్రశ్న: కొత్తగా లెక్కల టీచర్‌గా చేరాను. క్లాసులో 46 మంది, ల్యాబు లేదు, పీరియడు ముప్పావుగంట. బోర్డు దగ్గరికి రమ్మంటే పిల్లలు బిగుసుకుపోతున్నారు. ఏమైనా చేయిద్దామంటే గోల.
– ఒక టీచరు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: గోల ఉంటుంది టీచరుగారూ, 46 మంది పనిచేసే చోట నిశ్శబ్దం ఎక్కడినుంచి వస్తుంది? ఆరుగురేసి జట్లు కట్టి, జట్టుకో గుండ్రటి వస్తువు ఇవ్వండి: గాజు, పళ్ళెం, డబ్బా మూత, బయట నిలబెట్టిన సైకిల్ చక్రం. దారం చుట్టి చుట్టుకొలత, స్కేలుతో వ్యాసం. ఆరున్నర సెంటీమీటర్ల గాజుకి దారం ఇరవైకి అటూ ఇటూగా వస్తుంది. భాగిస్తే ఏ వస్తువుకైనా మూడు పైచిలుకే, అప్పుడు 22/7 ఎక్కడిదో మీరు చెప్పక్కర్లేదు. ఒక జట్టుకి 2.6 వస్తుంది, ఖాయం, దారం జారుంటుంది. అదీ బోర్డు మీద రాసేయండి, ఎవరిదని అడక్కండి, 'మళ్ళీ కొలుద్దామా' అనండి చాలు. తప్పు కొలత బోర్డెక్కినా ఎవరికీ చీవాట్లు పడలేదని చూశాక బిగుసుకుపోయేవాళ్ళు మెల్లగా లేస్తారు.

ల్యాబు సంగతంటారా, అరవింద్ గుప్తా కాన్పూర్ ఐఐటీలో చదివిన ఇంజనీరు. 1978లో టాటావాళ్ళ లారీల కంపెనీ టెల్కోలో సెలవు పెట్టి, మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ పల్లె బడుల సైన్సు కార్యక్రమంలో పనిచేశారు. అక్కడ ఆయన పట్టుకున్న సామాను సైకిల్ వాల్వ్ ట్యూబు అనే సన్నటి రబ్బరు గొట్టం, అగ్గిపుల్లలు. 2018లో పద్మశ్రీ వచ్చింది. మూడు పుల్లల్ని ట్యూబు ముక్కలతో కలిపితే త్రిభుజం, నొక్కినా కదలదు. నాలుగు కలిపితే చతురస్రం, వేలు పెడితే పక్కకి ఒరుగుతుంది. రేకుల షెడ్డు కప్పు కింద త్రిభుజాలెందుకుంటాయో పిల్లలే చెప్తారు. ట్యూబు సైకిల్ షాపులో దొరుకుతుంది. పుల్లల తల మందు మాత్రం ముందే గీకేసి ఇవ్వండి, మర్చిపోకండి.